కాంటా పాట

ఆర్మూరు బడిలో పంతులమ్మగా ఉన్నప్పుడు, పిల్లలంతా గొంతు కలిపి చదవడానికి పసుపు మార్కెట్లో తూకం వేసే కాంటా మీద ఒక గేయం రాశాను. "కాంటా కాంటా, కల్లలాడకు" అన్నది దాని పల్లవి. వార్షికోత్సవానికి ముఖ్య అతిథి, అదే మార్కెట్లో రైతుల సరుకు కాంటా వేయించే పసుపు కమీషన్ ఏజెంటు. ముందురోజు సాధన చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"మేడం, గా లైను జర మార్చుండ్రి. మంది ఏమనుకుంటరు?"

మైకుసెట్టు ఆయనదే కాబట్టి నా కవిహృదయం వెంటనే ఒప్పుకుంది. "కాంటా కాంటా, కలకాలముండు" అని మార్చాను.

మర్నాడు పిల్లలు కొత్త మాటే చక్కగా చదివారు. కానీ నెలరోజులుగా ఇంట్లో పాత పల్లవి విన్న రైతులు, కిందనుంచి ఒక్క గొంతుతో "కల్లలాడకు!" అని అందుకున్నారు. నేను పక్కనే కూర్చున్న ఏజెంటు వైపు చూశాను.

ఏజెంటు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, నా వైపు వంగాడు.

"పిల్లలు మస్తు చదివిండ్రు మేడం. గీ పెద్దోళ్లకే చదువు రాలె."