మాట వచ్చేదాకా

నేను పుట్టకముందే నా పని ఖాయమైపోయింది. నాకంటే ముందు మా అమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టి దక్కలేదు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు మా నాయన చర్చిలో మోకాళ్లూని, ఈ బిడ్డ బతికితే నీ సేవకే ఇస్తానని దేవునికి మాటిచ్చినాడు. నేను బతికినాను. నాలుగేండ్లకు మాటలు వచ్చినాయి. వచ్చినవి నత్తితో వచ్చినాయి.

మాది శింగనమల చెరువు కింద పల్లె. నాయన కూలికి పోయేవాడు. చెరువులో నీళ్లున్న ఏడు వరి కోతకు, లేని ఏడు యాడ పని దొరికితే ఆడికి. మాటిస్తే తప్పే మనిషి కాదు. అందుకే నా నత్తిని ఆయన పెద్దగా పట్టించుకోలేదు.

"దేవుడే వాని నోరు సరిజేస్తాడు. ఇంకా టైముండాది," అనేవాడు.

మా పాస్టరయ్యదీ అదే నమ్మకం. ఆయన గొంతు చాలా పెద్దది. మైకు లేని రోజుల్లో ఆయన వాక్యం బస్సు ఆగే తావుదాకా వినపడేది. మైకు కొన్నాక కూడా అంతే గట్టిగా చెప్పేవాడు. ప్రతి ఆదివారం ఆరాధన అయినాక నన్ను ముందుకు పిలిచి, నాలుక మీద నూనె రాసి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాడు.

"ఇప్పుడు అను నాయనా, దేవునికి స్తోత్రం."

నేను "దే... దే..." అంటా ఉంటే, ఆయనే "దేవునికి స్తోత్రం" అని ముగించేవాడు. సంఘమంతా ఆమెన్ అనేది. ఈ రకంగా నాకు చిన్నప్పుడు చాలాసార్లు స్వస్థత జరిగింది.

ఆయన మంచివాడే. ఎదుటి మనిషి కష్టపడతా ఉంటే చూస్తా ఊరకుండలేడు. నా మాట సగంలో ఆగితే, బావిలో పడినవానికి తాడు వేసినట్టు గబుక్కున తన మాట అందించేవాడు. నాకు ఆ తాడు వద్దని చెప్పాలంటే మళ్లీ మాట్లాడాల.

మిగతావాళ్లు ఓదార్చేవాళ్లు. అందరూ బైబిల్లోని ఒకే ప్రవక్త సంగతి చెప్పేవాళ్లు. ఆయనకూ నోరు తిరిగేది కాదట, అయినా దేవుడు వాడుకున్నాడట. పదో తరగతికి వచ్చేలోగా ఆ ప్రవక్త గురించి నాకు చెప్పనివాళ్లు ఊర్లో లేరు. ఆయన తరఫున మాట్లాడేదానికి ఆయనకు ఒక అన్న ఉన్నాడు. నాకు ఇద్దరు చెల్లెండ్లు, ఇద్దరికీ సిగ్గెక్కువ.

ఇరవై ఏండ్లకు నన్ను అనంతపురంలో సేవకుల ట్రైనింగుకు పంపినారు. రెండేండ్లు చదివినాను. రాత పరీక్షలన్నీ బాగా రాసినాను. చివరగా సొంత సంఘంలో ఒక ఆదివారం వాక్యం చెప్పాల. నెల రోజులు దానికే తయారైనాను. పొద్దున్నే చెరువు కట్ట మీదికి పోయి, ఎవరూ లేనప్పుడు గట్టిగా చెప్పుకునేవాణ్ణి. ఒంటరిగా ఉంటే నాకు నత్తి రాదు. కట్ట మీద మేసే గొర్రెలు నా వాక్యం మొదటినుంచి చివరిదాకా, ఎక్కడా తడబాటు లేకుండా విన్నాయి.

ఆ ఆదివారం నేను లేచి నిలబడినాను. మొదటి మాట "ప్రియమైన". అది "ప్ర" దగ్గరే నిలిచిపోయింది. నేను దాన్ని తోస్తానే ఉన్నాను. గోడ గడియారం నా ఎదురుగా ఉంది. పాస్టరయ్య ఓపిక పట్టలేదని చెప్పకూడదు. నిమిషం దాటేదాకా పట్టినాడు. తర్వాత లేచి వచ్చి నా భుజం మీద చెయ్యేసి, నా చేతిలోని కాగితం తీసుకొని, నా వాక్యం తానే చెప్పినాడు. చాలా బాగా చెప్పినాడు. ఆరాధన అయినాక జనం వచ్చి, "బాగుండాదప్పా నీ వాక్యం," అని నా చెయ్యి పట్టుకొని ఊపినారు.

ఇంటికి నడిచి పోయేటప్పుడు నాయనకు చెప్పినాను, ఇది నావల్ల కాదని. ఆ ఒక్క ముక్క చెప్పేలోగా మా ఇల్లు వచ్చింది. నాయన గడప దగ్గర నిలబడి అంతా విన్నాడు.

"నేనిచ్చేసినా," అన్నాడు. "ఇచ్చినది వెనక్కి అడగను. నిన్ను ఏం చేసుకుంటాడో ఆయనిష్టం."

నేను రాప్తాడులో మోటారు వైండింగు షాపులో పనికి చేరినాను. ఎండాకాలం వస్తే బోర్లలో నీళ్లు కిందికి పోతాయి, మోటార్లు కాలిపోతాయి. కాలిన తీగ తీసేసి కొత్త రాగి తీగ చుట్టాల, చుట్లు తప్పకుండా లెక్కపెట్టాల. మనసులో లెక్కపెట్టేటప్పుడు ఎవరికీ నత్తి రాదు. రైతు వచ్చి, "ఎప్పుడిస్తావన్నా?" అని అడిగితే రెండు వేళ్లు చూపిస్తే చాలు. కొన్నాళ్లకు ఆ షాపు నేనే నడిపే స్థితికి వచ్చినాను. మీ కొడుకు ఏం చేస్తాండాడని ఎవరైనా అడిగితే నాయన, "సేవలో ఉండాడు. ఇప్పటికి మోటార్లు చుడతాండాడు," అనేవాడు. ఈ "ఇప్పటికి" పదిహేనేండ్లు సాగింది.

దేవుడు నన్ను ఎందుకు పుట్టించినాడని నేను అడగడం మానేసినాను. అడిగేదానికి నోరు అవసరం లేదని తెలుసు. అయినా మానేసినాను.

రెండేండ్ల కిందట పాస్టరయ్యకు పక్షవాతం వచ్చింది. టౌనులో పెద్దాస్పత్రిలో మూడు వారాలుంచి ఇంటికి పంపినారు. కాలికి కొంచెం చలనం వచ్చింది, కుడి చెయ్యి పైకి లేవదు. అన్నీ అర్థమవుతాయి, మాట మాత్రం రాదు. సంఘమంతా వంతులవారీగా పోయి ఆయన మంచం చుట్టూ కూర్చున్నారు. ఆయన నోరు తెరిస్తే చాలు, తలా ఒక మాట అందించేవాళ్లు. కిటికీ వైపు చూస్తే, "నీళ్లా అయ్యా? నీళ్లే," అని చెంబు తెచ్చేవాళ్లు. ఆయన తాగేవాడు. ఆ వేసవిలో ఆయన చాలా నీళ్లు తాగినాడు. కిటికీ మాత్రం మూయలేదు.

షాపుకు సెలవైన రోజు నేను అరటిపండ్లు తీసుకొని పోయినాను. ఇంకో నలుగురు ఉన్నారు. పాస్టరయ్య నన్ను చూసి ఏదో చెప్పబోయినాడు.

"మ... మ..."

"మాత్రనా అయ్యా?" అన్నారొకరు. "మందు వేళ కాలేదే," అన్నారింకొకరు. "మంచం ఎత్తమంటాండాడేమో."

ఆయన ముఖం చూస్తే నాకు అర్థమైంది. మాట ఆయన దగ్గరే ఉంది, వాకిలి తెరుచుకోలేదంతే. ఆ వాకిలి ముందు నేను పుట్టినప్పటినుంచీ నిలబడి ఉన్నాను. చెయ్యెత్తి, "ఆ... ఆ... ఆగండి," అన్నాను. అది బయటికి వచ్చేలోగా అందరూ ఎప్పుడో ఆగిపోయి నన్నే చూస్తున్నారు.

తర్వాత నేను ఆయన్నే చూస్తా కూర్చున్నాను. జాలిగా చూడకూడదు, తల ఊపి తొందర పెట్టకూడదు, పక్కకు తిప్పుకోకూడదు. నా ముందు ఎవరూ అట్లా కూర్చోలేదు కాబట్టి ఎట్లా కూర్చోవాలో నాకు బాగా తెలుసు.

"మ... మజ్... మజ్జిగ," అన్నాడు పాస్టరయ్య.

ఆయన భార్య పాస్టరమ్మ లోపలికి పోయింది. లోపల చాలాసేపు గిన్నెల చప్పుడు లేదు. తర్వాత కళ్లు తుడుచుకొని మజ్జిగ తెచ్చింది. ఆయన మెల్లగా, చివరిదాకా తాగినాడు.

అప్పటినుంచి ప్రతి సెలవు రోజూ పోయినాను. ఆస్పత్రిలో మాటలు నేర్పించే డాక్టరమ్మ కొన్ని పద్ధతులు చెప్పింది. నేను చెరువు కట్ట మీద సొంతంగా కనిపెట్టుకున్నవి కొన్ని చెప్పినాను. ముందు ఊపిరి వదిలి తర్వాత మాట ఎత్తుకోవాల. మోకాలి మీద వేలితో తాళం వేయాల. మరీ మొండికేస్తే పాటలాగా మొదలుపెట్టాల. ఇద్దరం అరగంట మాట్లాడుకుంటే నాలుగు వాక్యాలయ్యేవి. పాస్టరమ్మ పక్కనే బియ్యంలో రాళ్లు ఏరుకుంటా ఉండేది. ఆమెకు రెండు చేటల బియ్యం, మాకు నాలుగు వాక్యాలు.

మూడు నెలలైనాక ఒకరోజు ఆయన మోకాలి మీద తాళం వేస్తా, "నీ కోసం... నేను... ఆగలేదు," అన్నాడు.

పర్వాలేదయ్యా అని చెప్పబోయినాను. "ప" నాకు మొదటినుంచీ కష్టం. అది ఇరుక్కుంది. ఆయన అందించలేదు. నా ముఖంలోకే చూస్తా కూర్చున్నాడు. ఆ మాట వచ్చేలోగా నాకు కోపం ఉన్నట్టు తెలిసింది, అది కొంత పోయినట్టు కూడా తెలిసింది. "పర్వాలేదు," అన్నాను. అప్పటికి అది దాదాపు నిజమే.

సంఘానికి ఒక కుర్ర పాస్టరు వచ్చినాడు. ఒక ఆదివారం చివరి ఆశీర్వాదం తానిస్తానని పాస్టరయ్య అడిగినాడు. సంఘ పెద్దలు వెనకాడినారు. జనం ఇండ్లకు పోవాల, వంటలుంటాయి, ఆలస్యమవుతుందన్నారు. నేను పక్కన నిలబడతానని చెప్పినాను. నేను నిలబడితే ఇంకా ఆలస్యమవుతుందని ఎవరూ అనలేదు.

ఆయన ఎడమ చెయ్యి ఎత్తినాడు. మేమంతా తలలు వంచినాం. మొదటి మాట వచ్చింది. రెండోది వచ్చేదానికి చాలాసేపు పట్టింది. ఆ ఆశీర్వాదం చర్చిలో చిన్నపిల్లలకు కూడా నోటికి వస్తుంది. తర్వాతి మాట అందరి నాలుకల మీదా ఉంది. ముందు వరుసలో ఒక పెద్దాయన నోరు తెరిచినాడు. నేను ఆయన వైపు చూసినాను. మూసుకున్నాడు.

నేను పుట్టినప్పటినుంచి వారం వారం ఆ దీవెన నాకిచ్చినారు. చెప్పులు యాడ విడిచినానో వెతుక్కుంటా తీసుకున్నాను. ఆ రోజు ఒక్కో మాట వచ్చి నా మీద నిలిచింది, ఇంకోటి వచ్చేదాకా ఆడే ఉన్నింది. ఆ దీవెనలో చెప్పినట్టు దేవుడు నిన్ను చూస్తున్నాడంటే అర్థం ఏమిటో, ఎవరో ఒకరు నీ ముఖంలోకి తొందర లేకుండా చూస్తే తప్ప తెలియదనుకుంటాను. నాకైతే తెలియలేదు.

చివరికి వచ్చినాడు. వెనకనుంచి మా నాయన ఆమెన్ అన్నాడు.

ఇంటికి పోయేటప్పుడు నాయన కర్ర ఊనుకుంటా నా పక్కన నడిచినాడు. "వాక్యం చెప్పేదానికి ఇచ్చినాననుకున్నా నిన్ను," అన్నాడు. "ఆయన దేనికి తీసుకున్నాడో నన్ను అడిగి తీసుకోలేదు." అంతకుమించి ఆ సంగతి మేం మాట్లాడుకోలేదు. మరుసటి వారం ఎవరో నా సంగతి అడిగితే మాత్రం నాయన "సేవలో ఉండాడు" అని ఊరుకున్నాడని అమ్మ చెప్పింది.

ఇప్పుడు ఆ డాక్టరమ్మ ఇంకా కొందరి ఇండ్లకు నన్ను పంపిస్తాంది. పోయిన నెలనుంచి రాప్తాడులోనే ఒక సాయిబు ఇంటికి పోతున్నాను. ఆయన టైలరు, పక్షవాతంతో మాట పోయింది. మొదటిరోజు ఆయన భార్య అడిగింది.

"నువ్వు వచ్చి ప్రార్థన చేస్తావా అన్నా?"

"లే... లేదమ్మా. కూర్చుంటా."

ప్రార్థన నేను దారిలో, బండి మీదే చేసుకుంటాను. మూడు వారాలు ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. టీ తాగి, గోడ వైపు చూసేవాడు. నాలుగో వారం నా చొక్కా కాలరు పట్టుకొని దగ్గరికి లాక్కున్నాడు. కుట్టు మీద వేలు జరిపి చూసినాడు. ఊపిరి వదిలినాడు.

"ఎ... ఎవ... ఎవడు కుట్టినాడు?"

లోపలనుంచి ఆయన భార్య వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. నేను ఆ టైలరు పేరు చెప్పినాను. దానికి కూడా కొంత టైము పట్టింది. సాయిబు పూర్తిగా విని, తల అడ్డంగా ఊపి, కాలరు వదిలేసినాడు.