బండల వాకిట్లో నిటారుగా నిలిచిన చక్రాలు

నా చివరి పోస్టింగు తాండూరు బస్సు డిపోలో. స్టీరింగు పనులు చూసే లీడింగ్ హ్యాండ్‌ని, అంటే మెకానిక్కులకు పైన, ఫోర్‌మన్‌కు కింద. స్వచ్ఛందంగా విరమణ తీసుకోవడానికి ముందు ఏడాది, దసరా దగ్గర పడిన ఒక ఆదివారం, డిపో మేనేజరు గారు నన్ను బండల వ్యాపారి బస్వరాజ్ సేటు ఇంటికి పంపారు. సేటు దగ్గర రెండు సీట్ల, టాపు లేని పాత విలాయతీ స్పోర్ట్స్ కారు ఉంది. మరునాడు వికారాబాద్‌లో పాత కార్ల ఊరేగింపు. నడిపేది ఆయన బిడ్డ అక్షత. ముందు చక్రాల అలైన్‌మెంటు సేటే ఇంట్లో సరిచేసుకున్నాడు. నేను చూసి సరే అనాలి, అంతే.

ఇంట్లో చూసే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. ముందు టైర్ల మధ్య దూరాన్ని ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలవాలి. ముందువైపు రవ్వంత తక్కువ ఉండాలి. దాన్ని టో-ఇన్ అంటారు. తర్వాత తాడుకు ఇనుప గుండు కట్టి చక్రం పక్కన వేలాడదీస్తే చక్రం ఎటు వాలిందో తెలుస్తుంది. అది క్యాంబర్. రెండు చక్రాలూ ఒకే పక్కకు వాలితే బండి అటే లాగుతుంది. వాలు ఎక్కువైతే షిమ్ములనే పలచని రేకులు పెట్టి సరిచేస్తారు.

సేటు కొలతలు ఒక్కటీ తప్పలేదు. చక్రాలు రెండూ నిటారుగా ఉన్నాయి. కానీ పొద్దున వాకిలి కడిగిన నీళ్లు కారు కింది నుంచి ఎడమవైపు మోరీలోకి ఇంకా జారుతూనే ఉన్నాయి.

“సేట్, నేల ఎడమకు వాటంగున్నది. కారును జర ఉల్టా తిప్పి నిలబెట్టి మళ్ల చూద్దాం.”

“తాండూరు బండ ఇది, పాలిష్ పట్టిన బండ! గిది వంకరంటవా? మొన్న కాగ్నా వాగుల బస్సు ఈదుకుంట పోయిందన్నవ్. గది గూడ నమ్మాల్నా?”

ఆ కథ చెప్పింది నేనే. కండక్టరు చేపలకు టికెట్లు కొట్టాడని కూడా చెప్పాను.

“కారుతోని డ్యాన్సు చేయించనీకి పిలిచిన్నా నిన్ను? పోయి ట్రయల్ చూడుండ్రి,” అన్నాడు సేటు.

స్టీరింగు చూసినవాడే మొదటి ట్రయల్లో డ్రైవరు పక్కన కూర్చోవాలన్నది మా డిపో ఆచారం. కూర్చున్నాను. సేటు జీపులో వెనక వచ్చాడు.

అనంతగిరి గుట్ట ఎక్కేదాకా అక్షత పళ్లు బిగించి నడిపింది. దిగుడు మొదలవగానే, “అంకుల్, కుడికి గుంజుతున్నది,” అంది.

“ఆపు బిడ్డా.”

“ఈడ ఆపితే డాడీ నవ్వుతడు. కిందికి పోయినంక ఆపుత.”

బస్సులో రోడ్డు ఎక్కడో కింద ఉంటుంది. ఆ కారులో రోడ్డు నా నడుము పక్కనే పరుగెత్తింది. మలుపు ముందు గేరు తగ్గించడానికి ఆమె ఎడమ చేయి తీసింది. ఒంటి చేతికి కారు లొంగలేదు, కుడికి జారింది. అప్పుడే ఎదురుగా బస్సు. బోర్డు మీద తాండూరు. మా డిపో బస్సే. దాని ముందు భాగంలోని ప్రతి బోల్టూ నాకు తెలుసు. రెండు చేతులతో స్టీరింగు పట్టి ఎడమకు లాగాను. అవతల డ్రైవరు బస్సును మట్టిలోకి దించాడు. మధ్యలో ఒక అరచేయి పట్టేంత జాగా మిగిలింది. ఇది పెంచి చెప్పడం లేదు.

“రాజన్నా, గిది గూడ కథేనే?” అని అరిచాడు డ్రైవరు.

అక్షత వేళ్లు స్టీరింగును వదల్లేదు. సేటు పరుగెత్తుకొచ్చి ఒక్కొక్క వేలే విడదీశాడు.

కారును జీపుకు కట్టి మెల్లగా తెచ్చాం. వాకిట్లో ఈసారి సేటే దాన్ని తిప్పించి నిలబెట్టాడు. గుండు వేలాడదీశాను. పొద్దున నిటారుగా ఉన్న చక్రాలు రెండూ కారు కుడి పక్కకు వాలి కనిపించాయి. ఆ వాలులో సగం నేలది, సగం షిమ్ములది. పొద్దున ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి, కారు తిరగగానే రెండూ ఒకే వైపు కలిశాయి. నేల ఎంత వంకరో చక్రాలకు అంత వంకర నేర్పాడు సేటు. షిమ్ములు మార్చాం. మరునాడు ఊరేగింపులో అక్షతే నడిపింది. పక్కన నేనే కూర్చున్నాను, డోరు గట్టిగా పట్టుకుని.

చక్రాన్ని కొలిచే ముందు నేలను చూడాలి. అనుమానముంటే బండిని తిప్పి నిలబెట్టి మళ్లీ కొలవాలి. కథలు నేను ఇప్పటికీ చెబుతాను. పనిముట్లు చేతిలో ఉన్నప్పుడు మాత్రం చెప్పను.