వాసిటికి పోగేసిన స్టార్లు

సిగటోకా పట్నం నుంచి సముద్రం పక్కగా సాగే రోడ్డు మీద ఏ హోటల్‌కైనా వెళ్ళి, పక్క పరవడం తెలిసిన ఆడమనిషిని అడగండి, నీకెవరు నేర్పారని. పదిమందిలో నలుగురు చెప్పే పేరు వాసిటి. నాలుగు వందల పదకొండు మందికి ఆమె చేతుల మీదుగా పని వచ్చింది. ఈ లెక్క హోటల్ వాళ్ళది కాదు, ఆమెదే. ఒక్కొక్క పిల్ల పేరూ ఊరూ తండ్రి పేరూ ఆమెకు కంఠతా వచ్చు.

వునిమోలి పల్లె బడిలో ఆరో తరగతి దాకా చదివి పందొమ్మిదో ఏట హోటల్లో చేరింది. ఏడాది తిరగకుండానే ఒక పూటలో పదహారు గదులు సర్దేది. దుప్పటి ఒక్కసారి విదిలిస్తే నాలుగు వైపులా సమంగా జారేది. రెండోసారి లాగి సరిచేయడమన్నది ఆ చేతికి తెలియదు. పెద్ద తుఫానుకు కప్పులు లేచిపోయిన రోజున అరవై మంది అతిథులను బట్టలుతికే గదిలోకి చేర్చి, తెల్లారేదాకా తలుపుకు వీపు ఆనించి నిలబడింది. సైనికులు ప్రభుత్వాన్ని కూలదోసిన ఏడాది అతిథుల్లేక హోటల్ మూతపడితే, ఎవరూ అడక్కుండానే వారానికోసారి వచ్చి పరుపులు ఎండకు తిరగేసింది. మళ్ళీ తెరిచిన రోజున బూజు వాసన రాని హోటల్ ఆ తీరంలో అదొక్కటే. ఇవన్నీ ఆమె చెప్పుకునేది. చెప్పుకోవడానికి సిగ్గుపడేది కాదు. చేసినదాన్ని చేశానంటే తప్పేముంది?

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళప్పుడు హోటల్‌ను సిడ్నీ కంపెనీ ఒకటి కొన్నది. తోట అవతల కొత్త భవనం లేచింది. దానికోసం ఎనభై మంది కొత్త పిల్లలు రాబోతున్నారు. ఆ ఎనభై మందికీ పని నేర్పి ఊరికి వెళ్ళిపోవాలని వాసిటి అనుకుంది. జీవితంలో ఇంక ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

అప్పుడొచ్చాడు షల్విన్. శిక్షణ చూసుకోవడానికి కంపెనీ పెట్టిన కుర్రాడు. బా అనే ఊరి చెరకు రైతు కొడుకు, రాజధాని సువాలో చదువుకున్నాడు. దుప్పట్లు పెట్టే గదిలో గోడకు పెద్ద టీవీ బిగించాడు. అక్కడ నాలుగు, ఉతికే గదిలో రెండు ట్యాబ్‌లు పెట్టాడు. ముప్ఫై నలుగురు ఆడవాళ్ళనూ కూర్చోబెట్టి, వాసిటిని అక్కడి అందరిలాగే బుబూ, అంటే అవ్వా, అని పిలుస్తూ చెప్పాడు.

"బుబూ, అక్కలూ, ఇక నుంచి నేర్చుకోవడమంతా ఆటే. పొద్దున్నే మీ నంబరు కొట్టండి. బొమ్మలొస్తాయి. సరిగ్గా చెబితే స్టార్లు. తప్పు చెబితే ఒక గుండె పోతుంది. మూడు గుండెలూ పోతే ఆ రోజుకి పాఠం అయిపోయినట్టే. మొదట అందరూ తాబేళ్ళు. స్టార్లు పెరిగితే డాల్ఫిన్, ఆపైన సొర. ఎవరెక్కడున్నారో టీవీలో కనిపిస్తుంది."

"తాబేలు అట్టడుగునా?" అంది ఉనైసి. నలభై ఏళ్ళది, వాసిటి దగ్గర పని నేర్చుకున్నదే. ఆమె ఊరికీ వునిమోలికీ తరాల నాటి వేళాకోళపు చుట్టరికం. ఒకరినొకరు ఎంత మాటన్నా తప్పు పట్టుకోరు. "మా ఊళ్ళో తాబేలు కోస్తే ఊరి దొరకి తప్ప ఇంకెవరికీ ముక్క దక్కదు. నన్ను ఆ మెట్టు మీదే ఉంచెయ్ నాయనా! వునిమోలి వాళ్ళు ఎప్పుడూ తోక తిన్నవాళ్ళే, వాళ్ళని సొరల్లో వేసుకో."

"నీ నోట్లో రాయి పడ!" అని వాసిటి నవ్వింది. గదంతా నవ్వింది.

"మూడు నెలలకి మొదటి ముగ్గురూ ఎవరైతే, కొత్త ఎనభై మందికీ వాళ్ళే నేర్పుతారు," అన్నాడు షల్విన్.

వాసిటి నవ్వు ఆగింది.

మొదటి బొమ్మ ఒక గది. అందులో తప్పులు ఐదు, ఇరవై సెకన్లలో వేలు పెట్టి చూపాలి. వాసిటి బొమ్మకేసి కాసేపు చూసి తెర మీద వేలు పెట్టింది. ట్యాబ్ ఎర్రగా మెరిసి బుర్రుమంది. ఒక గుండె పగిలింది.

"ఇదేంటి? కిటికీ మూసుంది, ఫ్యాన్ ఆగుంది, పరదా నేలకి ఆనుతోంది. సాయంత్రానికి ఈ గది కంపు కొట్టదూ?"

"అది లిస్టులో లేదు బుబూ."

"లిస్టులో లేకపోతే కంపు రాదా?"

షల్విన్ తల గోక్కున్నాడు. "కంపు వస్తుంది బుబూ. స్టారు రాదు."

ఆ వారం టీవీలో ముప్ఫై నాలుగో పేరు వాసిటిది. తోటమాలులు గడ్డి కత్తెరలు పట్టుకుని పోతూ పోతూ కిటికీలోంచి చదివి, టోపీ సర్దుకుని తలలు తిప్పుకునేవారు. వాసిటి రోజూ గంట ముందు వచ్చి ఆటలో కూర్చునేది. అద్దాలు పెట్టుకుని, నాలుక కొన పళ్ళ మధ్య పెట్టి, నలభై ఏళ్ళు దుప్పటి పట్టిన చేత్తో గాజు పలకను పొడిచేది. ఆట అడిగేదేమిటో, తనకు తెలిసినదేమిటో మెల్లగా వేరు చేసుకోవడం మొదలుపెట్టింది.

నాలుగో వారం నుంచి పేరు కదిలింది. ముప్ఫై, ఇరవై ఆరు, పదిహేడు. డాల్ఫిన్ అయింది. పదో వారానికి సొర. ఒకరోజు చూస్తే మూడో పేరు.

ఆ ఆదివారం చర్చి ముందు చాప మీద కూర్చుని ఊరివాళ్ళందరికీ చెప్పింది. "కళ్ళజోడు పెట్టుకున్న ముసలిది, చదువుకున్న పిల్లల్ని ముప్ఫై ఒక్కమందిని దాటింది. నాలుగు వందల మందికి నేర్పాను గానీ, నా బొటనవేలికి నేర్పడమే కష్టమైంది!" అందరూ చప్పట్లు కొట్టారు. దుప్పట్ల గదిలో మర్నాడు మళ్ళీ చెప్పింది. ఉనైసి తలగడ గలీబులు లెక్కపెట్టుకుంటూ తలెత్తలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఆ రోజు ఒక్క వెటకారం కూడా ఆడలేదు. వాసిటి అది గమనించలేదు.

మూడు నెలలు నిండడానికి ఐదు రోజులున్నాయనగా షల్విన్ ఆమెను పిలిచి తలుపు వేశాడు.

"బుబూ, మొన్న మంగళవారం ఆరున్నరకి మీరెక్కడున్నారు?"

"ఇంకెక్కడ? పక్కగదిలో, నీ ఆట ముందు."

"అదే టైముకి ఉతికే గదిలో కూడా మీ నంబరు మీద ఎవరో ఆడుతున్నారు. ఇలా పందొమ్మిది సార్లు. సిడ్నీ వాళ్ళు పట్టుకున్నారు."

వాసిటికి అర్థం కావడానికి సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె మొదట అడిగింది ఎవరని కాదు.

"నేను ఆడినవే లెక్కేస్తే నేనెక్కడ?"

అతను కాగితం చూశాడు. "ఇరవై రెండు."

"ముప్ఫై నాలుగు నుంచి ఇరవై రెండుకి నేనే వచ్చానా?"

"మీరే బుబూ." గొంతు తగ్గించి అన్నాడు. "ఆడినవాళ్ళు ఎవరో చెప్పండి. వాళ్ళ ఉద్యోగాలు పోతాయి. మీకు తెలియకుండా జరిగిందంటే మీ మీద మచ్చ ఉండదు. ఎనభై మందికీ నేర్పే ముగ్గురిలో మీరు లేకపోయినా, వాళ్ళ పక్కన ఉండనివ్వమని నేను రాస్తాను."

ఆమె లేచి దుప్పట్ల గదికి వెళ్ళింది. ఉనైసి ఒక్కతే ఉంది.

"ఎంతమందే?"

ఉనైసి అబద్ధమాడలేదు. "పదకొండు మందిమి. వంతులేసుకున్నాం."

"వంతులు!"

"ఎవరింట్లో చావొచ్చినా తలా ఒక చాప పట్టుకెళ్ళమా బుబూ? అలాగే. నువ్వు ఇటు ఆట ముందు కూర్చున్నా, గదులు చూడ్డానికి పైకెళ్ళినా, అటు ఉతికే గదిలో ఒక్కో పాఠం. నీ నంబరు తెలియనిదెవరికి? నీ పేరు అట్టడుగున వేలాడుతుంటే దాని కింద కూర్చుని టీ తాగమంటావా మమ్మల్ని?"

"నేను చచ్చానా, చాపలు పోగెయ్యడానికి? నిన్ను అడిగానా?"

"అడిగేదాకా ఆగడం మనలో ఉందా?"

ఆ పదకొండు మందీ ఎవరో పేర్లు వినకుండానే వాసిటికి తెలుసు. ఎవరికి ఎంతమంది పిల్లలో, ఎవరి మొగుడు పడవ మీద పోయి తిరిగి రాలేదో కూడా తెలుసు. తిరిగి షల్విన్ గదికి వెళ్ళి నిలబడే చెప్పింది.

"రాసుకో. నేనే అడిగాను. కెరెకెరె చేశాను. పెద్దదాన్ని, చెయ్యి చాచి అడిగితే మావాళ్ళు లేదనలేరు. ఇక్కడ పుట్టినవాడివి, నీకు నేను చెప్పాలా?"

అతనికి తెలుసు. అందుకే కలం పక్కన పెట్టాడు. "బుబూ, ఇది రాస్తే వాళ్ళు దీన్ని మోసం అంటారు."

"వాళ్ళ మాట వాళ్ళది. పేర్లు మాత్రం నా నోట రావు."

నాలుగు రోజులకు సిడ్నీ నుంచి జవాబు వచ్చింది. వాసిటి ఇక ఎవరికీ ఏదీ నేర్పకూడదు. ఉతికే గదిలో మడతల పనికి మార్చారు. టీవీలో ఆమె పేరు పోయింది. ఇరవై రెండో చోట కూడా ఉంచలేదు. పేరు పోవడంతో కిందివాళ్ళంతా ఒక్కో మెట్టు ఎక్కారు. నాలుగో పేరు మూడో పేరైంది. అది ఉనైసిది.

ఉనైసి వద్దంది. ఎందుకు వద్దని షల్విన్ అడిగితే చెప్పడానికి నోరు రాలేదు. చెబితే తనతోపాటు ఆ పదిమందీ వీధిన పడతారు, వాసిటి ఆడిన అబద్ధం కూడా వృథా అవుతుంది. సోమవారం నుంచి ఎనభై మంది కొత్త పిల్లలు ఉనైసి వెనక నడిచారు.

ఆ శనివారం మధ్యాహ్నం పదకొండు మందీ వునిమోలి వెళ్ళారు. తప్పు ఒప్పుకునేటప్పుడు ఇచ్చే యంగోనా మొక్క వేళ్ళ కట్ట ముందు పెట్టుకుని వాసిటి గడప లోపల తలలు వంచుకు కూర్చున్నారు. ఉనైసి క్షమాపణ మాటలు ఒక్కటీ తప్పకుండా చెప్పింది. అలా వచ్చినవాళ్ళను కాదని పంపే ఆచారం లేదు. వాసిటి చేతులు దొప్పలుగా చేసి మూడుసార్లు చప్పుడు చేసింది. కట్ట ముట్టుకుంది. అంగీకరించానంది. అప్పుడు గిన్నె తెచ్చి వేళ్ళు దంచి కలిపారు. మొదటి చిప్ప ఆమెకే ఇచ్చారు.

తాగాక అంది. "ఇరవై రెండో చోటు నాది. నా వేలితో సంపాదించుకున్నది. ఇంకో రెండు నెలలైతే పదో చోటుకైనా వచ్చేదాన్నేమో, రాకపోయేదాన్నేమో. నన్ను సరిగ్గా ఓడిపోనైనా ఇవ్వలేదే మీరు."

"బుబూ, ఆ పిల్లలందరికీ నీ పేరే చెబుతా," అంది ఉనైసి. ఏడుస్తోంది. "దుప్పటి విదిలించడం వాసిటి నేర్పిందని..."

"చెప్పకు. మోసం చేసి దొరికిన మనిషి నేర్పిందంటే నీ మాట వినరు వాళ్ళు."

క్షమాపణ తీసుకున్నాక పగ పెట్టుకోకూడదు. వాసిటి పెట్టుకోలేదు. ఉతికే గదిలో పలకరించినవాళ్ళకు పలికేది. ఎవరి బిడ్డకు జ్వరమో అడిగేది. పాట ఎత్తుకుంటే గొంతు కలిపేది. కానీ ఆరిన దుప్పటి తీసి మడవబోతుంటే ఎవరైనా వచ్చి రెండో అంచు అందుకోబోయారో, "వద్దమ్మా, వదిలెయ్," అనేది. పెద్ద మంచాల దుప్పట్లు ఇద్దరు పడితేనే నేలకు తగలకుండా మడత పడతాయి. ఆమె బల్ల మీద సగం పరిచి, అటు నడిచి ఒక మూల పట్టి, ఇటు నడిచి ఇంకో మూల పట్టి, ఒక్కతే మడిచేది. మిగతా జతలు మూడు దుప్పట్లు ముగించేసరికి ఆమెది ఒకటయ్యేది.