జంగమ్మ మూటకు టికెట్టు

జంగమ్మకు ఈ లోకంలో నమ్మకమున్నది ఒక్క సంగతి మీదే. ఎవరినీ నమ్మకూడదని. ఆ ఒక్క నమ్మకాన్ని మాత్రం ఆమె ప్రాణం పోయినా వదలదు.

నేను వనపర్తి నుంచి గోపాల్‌పేట మీదుగా బోడగట్టు దాకా వెళ్లే పల్లెవెలుగు బస్సులో కండక్టర్ని. పేరు సుమన. బోడగట్టు ఎక్కడుందని మ్యాపులో వెతక్కండి, కళ్లు నొప్పి పెడతాయి. ఆ ఊళ్లోనే జంగమ్మ ఎకరన్నరలో పల్లీ వేసి, గట్ల వెంట కూరగాయలు పెట్టి, వారానికి రెండుసార్లు గంపతో వనపర్తికి వస్తుంది. ఆమె ఎక్కే రోజు తెల్లవారగానే నాకు తల నొప్పి మొదలవుతుంది.

ఆడవాళ్లకు బస్సు ఊరికేనని ప్రకటించినప్పుడు రాష్ట్రమంతా సంబరపడింది. జంగమ్మ మాత్రం ఫుట్‌బోర్డు మీదే ఆగిపోయింది.

"ఊరికె ఎందుకిస్తుండ్రు?"

"సర్కారు ఇచ్చింది పెద్దమ్మా. జీరో టికెట్టు. ఆధార్ కార్డు చూపెట్టి కూచో."

"చిల్లర లేదని రూపాయి కూడ ఇడిసిపెట్టనోళ్లు మొత్తం టికెట్టే ఇడిసిపెడ్తున్నరా? దీంట్ల ఏదో మతలబున్నది."

ఆ మాట ఆమెకు ఊతపదం. పొద్దున లేచి సూర్యుణ్ణి చూసినా అదే మాట అంటుందని నా గట్టి అనుమానం. చివరికి రొంటిన దోపుకున్న సంచిలోంచి కార్డు తీసింది. నంబరు మీద బొటనవేలు అదిమిపెట్టి నా ముక్కు దగ్గరికి తెచ్చింది.

"వేలు తియ్యి పెద్దమ్మా."

"ఫోటో చూడు. నేనేనా కాదా? నంబరు నీకెందుకు? నంబరు చూసి నా భూమి రాసుకుంటవా?"

"నీ ఎకరన్నర నేనేం చేస్కుంట? నాకు పల్లీలు పడవు!"

"పడవని చెప్పేటోళ్లే ముందుగాల తింటరు," అని కూర్చుంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ బొటనవేలి కింద ఏముందో నేను చూడలేదు.

ఒకసారి మొగుణ్ణి వెంట తెచ్చింది. ఆయన పైసలిచ్చి టికెట్టు తీసుకున్నాడు. జంగమ్మ దాన్ని లాక్కుని వెనక సీట్లో కూర్చున్న ఎవరో పెద్దమనిషి టికెట్టు పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే. అయినా తృప్తి కలగలేదు.

"ఆడోళ్లకు ఊరికె అని చెప్పి, మొగోళ్ల కాడ ఇద్దరి పైసలు గుంజుతుండ్రేమో అనుకున్న."

"ఇప్పుడు చూసినవు గద?"

"చూసిన. ఇద్దరి కాడ ఒక్క తీర్గనే గుంజుతుండ్రు."

మరోసారి పాత బస్సు మరమ్మతుకు పోయి, దాని బదులు వేరే రంగు బస్సొచ్చింది. జంగమ్మ ఎక్కలేదు. ముందుకు వెళ్లి బోర్డు చదివించుకుంది, వెనక్కు వెళ్లి బోర్డు చదివించుకుంది. తర్వాత డ్రైవరు మహిపాల్ కిటికీ కింద నిలబడింది.

"గీ బస్సు యాడికి పోతది?"

"బోర్డు మీద ఉన్నది గద పెద్దమ్మా, బోడగట్టుకే."

"బోర్డు మార్చుడు ఎంతసేపు? నీ తల్లి మీద ఒట్టేసి చెప్పు."

మహిపాలన్న పాపం ఒట్టేశాడు. అప్పుడు ఎక్కింది. దారి పొడుగునా మైలురాళ్లు చూసుకుంటూ, ప్రతి మలుపు దగ్గరా "ఆఁ, గిదైతె కరెక్టే" అనుకుంటూ వచ్చింది.

నాకు అంతు చిక్కని సంగతి ఇంకొకటి ఉండేది. బోడగట్టు ఆడవాళ్లు బస్సు ఎక్కేవాళ్లు కాదు. ఊరికే తీసుకెళ్లే బస్సు ముందర నిలబడి ఉంటే, పక్కన పైసలు పెట్టి ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని పోయేవాళ్లు. పొద్దునైనా ఇంతే, సాయంత్రమైనా ఇంతే. సాయంత్రం బస్సు గోపాల్‌పేట దాటిందంటే లోపల మిగిలేది పావని ఒక్కతే. గంప ఉన్న రోజైతే జంగమ్మ కూడా.

పావని వనపర్తిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. అమ్మానాన్నలు పుణె దగ్గర బిల్డింగు పనిలో ఉన్నారు. ఇక్కడ నానమ్మ నర్సమ్మ దగ్గర ఉంటుంది. నెమ్మదైన పిల్ల. అలాంటి పిల్లను కూడా జంగమ్మ వదిలేది కాదు. పక్కన కూర్చుని మొదలుపెట్టేది.

"ఇయ్యాల లేటెందుకైంది? ఫోనుల ఎవరు? నవ్వుతున్నవేంది?"

"మా అమ్మ పెద్దమ్మా."

"అమ్మతోని మాట్లాడితె గింత నవ్వొస్తదా? ఇటియ్యి." ఫోను లాక్కుని చెవి దగ్గర పెట్టుకుని, "ఆఁ, నేను జంగమ్మను. మీ బిడ్డ బస్సెక్కింది. రొట్టె తిన్నదో లేదో అడుగు, నాకైతె తిన్నట్టు కనవడ్తలేదు," అని తిరిగి ఇచ్చేసేది. ఈ ముసలిదాని పీడ ఆ పిల్లకు ఎప్పుడు వదులుతుందా అని నేను జాలిపడేదాన్ని.

ఇలా ఉండగా ఒక సాయంత్రం మహిపాలన్న స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి చెప్పాడు.

"సుమనా, వచ్చే నెల సంది పొద్దుగూకే ట్రిప్పు గోపాల్‌పేట దాకనేనట. బోడగట్టుకు ఎక్కేటోళ్లు లేరని రాసిండ్రు."

పావని ముఖం పాలిపోయింది. "అన్నా, నిజమా? మరి నేనెట్ల? మా నాయిన ముందే చెప్పిండు, బస్సున్నన్ని రోజులే చదువని. బస్సు బంద్ అయితె పుణెకు వచ్చెయ్యి, ఆడ అందరం కలిసి పనికి పోదమన్నడు."

గోపాల్‌పేట నుంచి బోడగట్టుకు చీకటి పడ్డాక ఆటో ఉండదు. నడవాలంటే గుట్ట దాటి పోవాలి. ఒక్క ఆడపిల్ల. జంగమ్మ వంక చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ "ఎవరు రాసిండ్రు? దీంట్ల ఏదో మతలబున్నది," అంది. అంతే. ఇంకో మాట లేదు. ఈమెకు గుండె ఉందా, రాయి ఉందా అని ఒళ్లు మండింది నాకు.

మర్నాడు కూరగాయల రోజు కాదు. అయినా జంగమ్మ స్టేజీ దగ్గర నిలబడి ఉంది. నెత్తిన గంప లేదు. పక్కన నిండా కుక్కి, మూతి బిగించి కట్టిన పెద్ద గోనెమూట ఉంది.

"నాకు జీరో కొట్టు. మూటకు పైసల టికెట్టు కొట్టు."

మూటను ఎత్తి చూస్తే దూదిలా తేలిగ్గా ఉంది. "దీనికి టికెట్టు అక్కర్లేదు పెద్దమ్మా, సీటు కింద పెట్టు," అన్నాను.

"అక్కరుందో లేదో నాకు తెల్సు. కొట్టు!"

నేను కంగు తిన్నాను. టికెట్టు వద్దంటే ఊరుకోని కండక్టర్లుంటారు గానీ, కండక్టరే వద్దన్నా పోట్లాడి తీసుకునే మనిషిని నేను నా సర్వీసులో చూడలేదు. పైగా జంగమ్మ! సాయంత్రం అదే మూట. మళ్లీ టికెట్టు. మర్నాడు మళ్లీ. అదే గోనె, అదే ముడి. పొద్దున వనపర్తికి పోవడం, సాయంత్రం బోడగట్టుకు రావడం. మధ్యలో బస్టాండు బెంచీ మీద మూటను కౌగిలించుకుని కూర్చుంటోందని మహిపాలన్న చూసి వచ్చాడు.

ఇప్పుడు అనుమానం రోగం బస్సంతటికీ అంటుకుంది. గుప్తనిధి దొరికిందని ఒకరు, దొంగనోట్లని ఒకరు. అంత తేలిగ్గా ఉంది కాబట్టి గంజాయి ఆకు అయ్యుంటుందని మూడో ఆయన చెవిలో చెప్పాడు. ఏదన్నా పట్టుబడితే ముందు పోయేది నా ఉద్యోగం!

"పెద్దమ్మా, నిజం చెప్పు. మూటల ఏమున్నది?"

"ఎందుకడుగుతున్నవ్? నిన్ను అడగమని ఎవరు చెప్పిండ్రు?"

అడిగినదాన్ని నేను, ముద్దాయినయింది నేను.

చివరికి ఒక సాయంత్రం గోపాల్‌పేట దాటగానే చెకింగ్ సారు చెయ్యెత్తి బస్సు ఆపాడు. ఆయన పావని టికెట్టు చూశాడు, జంగమ్మ టికెట్టు చూశాడు, మూట టికెట్టు చూశాడు. మూట వంక చూశాడు.

"జర విప్పమ్మా."

"నువ్వెవరు?"

"చెకింగ్."

"నువ్వు చెకింగోనివని నిన్నెవరు చెక్ చేసిండ్రు? కారటు చూపెట్టు."

ఆయన ముప్పయ్యేళ్ల సర్వీసులో అలాంటి ప్రశ్న విని ఉండడు. బిత్తరపోయి జేబులోంచి గుర్తింపు కార్డు తీశాడు. జంగమ్మ వంగి చూసి, "వేలు తియ్యి," అంది. ఆయన తీశాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మూట విప్పారు. బస్సులో ఉన్న నలుగురమూ మెడలు చాచాం. లోపల పల్లికాయ పొట్టు. సారు చెయ్యి మోచేతి దాకా పెట్టి కెలికాడు. అడుగుదాకా పొట్టే.

"ఇదెక్కడికి తీస్కపోతున్నవ్?"

"ఇంటికి."

"ఎక్కడి నుంచి తెచ్చినవ్?"

"ఇంటికాడి నుంచే."

"మరి మధ్యల?"

"మధ్యల వనపర్తి చూపిచ్చిన."

సారు సీటులో కూలబడ్డాడు. "పొట్టుకు వనపర్తి చూపిచ్చుడేంది తల్లీ? దానికి టికెట్టేంది?"

జంగమ్మ పావని వంక ఒకసారి చూసి, వెంటనే ముఖం తిప్పుకుంది. తర్వాత నా మీద విరుచుకుపడింది.

"గీమె మిషిన్ల నాకు జీరో కొడ్తది. జీరో అంటె ఏంది సారూ? సున్న! బోడగట్టుకు ఎవరు ఎక్కుతలేరని బస్సు బంద్ జేస్తరట. నేను ఎక్కుతలేనా? ఎక్కుతున్న, గని సున్న కింద ఎక్కుతున్న. గీ పోరి ఎక్కుతున్నది, గది గూడ సున్ననే. సున్నకు సున్న కలిపితె మీ ఆఫీసుల ఏం కనవడ్తది? అందుకె మూటకు పైసలు వెడ్తున్న. మేము లెక్కల లేకున్న మూటన్న లెక్కల ఉంటది గద! బస్సు ఉంటది. పోరి సదువుకుంటది."

నేను చేతిలోని టికెట్టు మిషను వంక చూసుకున్నాను.

"పెద్దమ్మా, గిదంత నా కోసమా?" అంది పావని.

"నీ కోసమేంది? నాకు ఇంట్ల ఉక్కపోస్తున్నది, గాలికి తిరుగుతున్న," అని కసిరింది జంగమ్మ.

సారు టోపీ తీసి తల గోక్కున్నాడు. "తల్లీ, జీరో అంటె నువ్వు కట్టేది జీరో. నువ్వు జీరో కాదు. ఒక్క జీరో టికెట్టు కొడితె ఒక్క మనిషి ఎక్కినట్టే. మీ ఊరి ఆడోళ్లు పదిమంది జీరో మీద ఎక్కితె పదిమంది ఉన్నట్టే. బస్సెవ్వరు బంద్ చెయ్యరు. అసలు వాళ్లెందుకు ఎక్కుతలేరు? అది చెప్పు."

జంగమ్మ మొదటిసారి తల దించుకుంది.

"నేనే వద్దన్న."

"ఎందుకు?" సారు, నేను, మహిపాలన్న ఒకేసారి అరిచాం.

"ఊరికె ఎక్కిచ్చుకోని రేపు మీదికి ఏం తెస్తరో అని. ముందుగాల నేనొక్కదాన్ని ఎక్కి చూస్త, ఏమన్నయితె నాకే గానీ, చిన్న పిల్లలున్నోళ్లు మీరు ఆగుండ్రి అని చెప్పిన."

"ఇన్ని రోజులాయె గదమ్మా! నీకేమన్న అయిందా?"

"ఇంకా ఏం గాలే. గదే నాకు అనుమానం."

తర్వాత ఆమెకు అసలు సంగతి మెల్లగా తలకెక్కింది. ముఖం చిన్నబోయింది. "అంటె, ఈ పోరి బస్సుకు ఎసరు పెట్టింది నేనేనా?" అని పొట్టు మూటకు ముడి వేస్తూ తనలో తను అనుకుంది. దిగేటప్పుడు మాత్రం నా వైపు తిరిగింది. "జీరో అంటె మనిషని నీకు ముందే తెల్సునా?"

"తెల్సు."

"మరి చెప్పవైతివి?"

"నేను చెప్తే నువ్వు నమ్ముదువా?"

ఆలోచించింది. "నమ్మకపోయేదాన్ని," అని ఒప్పుకుని దిగిపోయింది.

మర్నాడు పొద్దున బోడగట్టు స్టేజీ దగ్గర జాతర. ఆడవాళ్లు, గంపలు, సంచులు, పిల్లలు. ఆటోవాడు దూరంగా నిలబడి చూస్తున్నాడు. జంగమ్మ ఫుట్‌బోర్డు పక్కన నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి తోస్తోంది.

"ఎక్కుండ్రి! జీరో అంటె మనమే. గని కారటు మీద వేలు తియ్యకుండ్రి!"

లోపల నా పరిస్థితి మీరే ఊహించుకోండి. ఎవరి వైపు తిరిగినా ఒక కార్డు, ఒక బొటనవేలు. ఫోటోలు తప్ప ఒక్క నంబరూ చూడకుండా టికెట్లు కొట్టాను. సాయంత్రం కూడా ఇంతే. పావని సీటు దొరక్క నిలబడి, నవ్వు ఆపుకుంటూ వచ్చింది. అలా నెలంతా నడిచింది. చెకింగ్ సారు ఏం చెప్పాడో తెలియదు గానీ, సాయంత్రం ట్రిప్పు బోడగట్టు దాకా యథాప్రకారం ఉంటుందని కబురొచ్చింది.

ఆ కబురు నేనే ఉత్సాహంగా జంగమ్మకు చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"గింత జల్ది ఒప్పుకున్నరా?" అంది కళ్లు చిన్నవి చేసి. తర్వాతి మాట నేను రాయనక్కర్లేదు.

మొన్న శుక్రవారం పొద్దున జంగమ్మ ఎక్కగానే కొంగుచాటు నుంచి వేడివేడి పొట్లం తీసి నా ఒళ్లో పెట్టింది. విప్పితే ఉప్పువేసి ఉడకబెట్టిన పల్లికాయ. నిజం చెప్పొద్దూ, నాకు పల్లీలు పడవన్నది ఆ రోజు కోపంలో అన్న మాట. అయినా ఇన్నేళ్లలో ఆమె నాకు ఇచ్చింది అనుమానం తప్ప మరొకటి లేదు. పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను.

"ఊరికె ఇస్తున్నవా పెద్దమ్మా? దీంట్ల ఏదో మతలబున్నది."

జంగమ్మ బోసినోరు విప్పి నవ్వింది. నా భుజం మీద చెయ్యి వేసి, ఎవరికీ వినపడకుండా చెవి దగ్గర చెప్పింది.

"ఉన్నది బిడ్డ. ఇయ్యాల పావనికి పరీక్ష లేటుగ ఇడుస్తరట. సాయంత్రం బస్టాండ్ల జరసేపు బండి ఆపు."