పారిస్ ప్రయాణానికి జామీను

సెలవు దరఖాస్తులో వెళ్ళే చోటు దగ్గర పారిస్ అని రాశాను. మా ఆఫీసు గుమాస్తా అది చదివి, కొట్టేసి, పైన ఇండియా అని రాశాడు. నన్ను అడగను కూడా లేదు.

"నేను ఇండియా వెళ్ళడం లేదండీ," అన్నాను.

ఆయనది కరీంనగర్ వైపు. ఆ రోజుల్లో ఖతార్ దాటాలంటే కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, సంతకంతో అనుమతి కాగితం ఉండాలి. మా కంపెనీలో ఆ సంతకాలు తెచ్చేది ఆయనే.

"ఛుట్టీ దొరికితే ఎవడన్న ఇంటికి పోతడు భాయ్. నువ్వు పారిస్ పోతే మళ్ల వస్తవా? అక్కడ్నే మాయమైతవు. కఫీల్ నన్ను పట్టుకుంటడు."

ఇనుప షెడ్లు కట్టే కంపెనీలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆరేళ్ళు కాగితం మీద అతుకులే గీశాను. ఈఫిల్ టవర్ అతుకుల్ని ఒక్కసారి చేత్తో తాకాలని నా కోరిక. గుమాస్తాకీ కఫీల్‌కీ అది పారిపోయే ఎత్తులా కనబడింది. మర్నాడు ప్రయాణమనగా కఫీల్ చివరికొక మాట చెప్పి పంపాడు: ఎవరైనా జామీను ఉంటే పో. నేను తిరిగొచ్చేదాకా ఆ మనిషి దేశం దాటకూడదు.

దోహాలో, నజ్మా పేటలో నా గదిలో ఉండే ముగ్గురినీ అడిగాను. ముగ్గురికీ ఒక్కసారే పనులు గుర్తొచ్చాయి. ఎవరు ఏ సాకు చెప్పారో నాకిప్పటికీ గుర్తే. ఊరికి అటు చివర మదీనత్ ఖలీఫాలో, కఫీల్ ఇంట్లో కారు తోలుతూ శుక్రవారాలు మా గదికి భోజనానికి వచ్చే కడప జిల్లా అతని దగ్గరికి పోయాను.

"నాకు వచ్చే వారం పయనం సామీ. మూడేండ్లైంది. నేనొచ్చినాక పుట్టిన పాప, నా మొగమే సూడలే. నువ్వు రాకపోతివంటే?"

"ఐదు రోజులే. మంగళవారం మధ్యాహ్నానికి ఇక్కడుంటాను."

"యవతన్నా తెల్లపిల్ల సెయ్యి పట్టుకుంటే?"

"నన్నెవరు పట్టుకుంటారు?"

"అదీ నిజమేలే," అని నవ్వి సంతకం పెట్టాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పారిస్‌లో ఎనిమిది మంచాల గదిలో పడుకున్నాను. వెంట తెచ్చుకున్న అటుకులూ పప్పులపొడీ తిన్నాను. ఎక్కడికైనా నడకే. వచ్చినప్పటి నుంచి ఒకటే వాన, టవర్ మెట్ల దారి మూసే ఉంది. ఆఖరి రోజు పొద్దున తెరిపిచ్చింది. లిఫ్టు నా తాహతుకు మించింది కాబట్టి మెట్ల వరుసలో నిలబడ్డాను. వరుస కదలదు, గడియారం ఆగదు. ఇంకో గంట ఉంటే ఎక్కేవాణ్ణే, కానీ విమానం వెళ్ళిపోతుంది. నా చౌక టికెట్టుకు మరో విమానం లేదు. ముందు ఇరవై మంది ఉండగా వరుసలోంచి బయటికి వచ్చేశాను. కంచె ఇవతలి నుంచే టవర్ కాళ్ళు చూశాను.

దోహా విమానాశ్రయంలో కడప అతను నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. నా మొహం చూడలేదు. పాస్‌పోర్టు లాక్కుని, తిరిగొచ్చినట్టు ముద్ర పడిందా లేదా చూశాడు.

"యల్లా, పద పద! ఆఫీసు మూస్తారు."

గుమాస్తా జామీను కాగితం చింపేశాక, అతను అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఐదు రోజులుగా అన్నం సయించలేదట.

"అంటే నన్ను నమ్మలేదన్నమాట," అన్నాను.

"నమ్మినాను గాబట్టే గదప్పా సంతకం పెట్టింది!"

నా కోపం తగ్గలేదు. టవర్ ఎక్కావా అని గానీ, ఎట్లుందని గానీ అతను అడగలేదు. తర్వాతి వారం అతను పాపను చూడ్డానికి బయల్దేరితే, గదిలో అందరూ విమానాశ్రయానికి పోయారు. నేను పోలేదు.