తెల్ల లైటు వెనక మనిషి

అంబులెన్సుల షెడ్డులో అతన్ని అందరూ ఫ్యూజు బాబాయి అంటారు. బండ్లకు కరెంటు పని చేస్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందనుకుంటారు కొత్తగా చేరినవాళ్లు. అదేం కాదు. కోపమొస్తే ముందూ వెనకా చూడకుండా టప్పున పేలిపోతాడు, అందుకు. చదువు ఐదో తరగతితోనే సరి. కానీ ఇరవై ఆరేళ్ల అనుభవం. ఏ బండిలో ఏ వైరు ఎక్కడ దూరి ఎక్కడ తేలుతుందో కళ్లు మూసుకుని చెప్తాడు.

అతని తోడల్లుడిది కూడా అక్కడే ఉద్యోగం. బండి వెనక ఎక్కి, స్ట్రెచర్ దించి, దెబ్బలు తగిలినవాళ్లను మోసే పని. బాబాయే పట్టుబట్టి పెట్టించాడు. అక్కచెల్లెళ్ల కాపురాలు ఒకే గోడకు అటూ ఇటూ. ఈ ఇంట్లో బాబాయి గొంతు పెంచితే ఆ ఇంట్లోంచి తోడల్లుడు గోడ మీద కొట్టి, "అన్నయ్యా, కొంచెం స్పష్టంగా తిట్టు, మాకు సగమే వినిపిస్తోంది" అని అరిచేవాడు.

ఆరు నెలల కింద షెడ్డు మేనేజరు అట్టపెట్టెలు దింపించాడు. వాటి నిండా తెల్ల లైట్లు. టపటపా కొట్టుకునే రకం, చూస్తే కళ్లు బైర్లు కమ్మేటంత వెలుగు. అప్పటిదాకా బండ్ల మీద ఎర్రవీ నీలివే ఉండేవి. ఇప్పుడు ఒక్కో బండికి ముందు రెండు, వెనక రెండు తెల్లవి బిగించమన్నాడు.

"ఎర్ర లైటును ఎవడు లెక్కచేస్తున్నాడయ్యా? ఇవైతే మైలు దూరం నుంచి కనిపిస్తాయి."

"పరిగెత్తే బండికి సరే సార్, దారిస్తారు. ఆగిన బండికెందుకు? వచ్చేవాడి కళ్లల్లో కొడతాయి. పోనీ, తెల్లవాటికి వేరే స్విచ్ పెడతాను, బండి ఆగగానే డ్రైవరు ఆర్పేస్తాడు."

"ఆ హడావుడిలో ఏ స్విచ్ ఎక్కడుందని వెతుక్కుంటాడు? అన్నింటికీ ఒకటే స్విచ్. చెప్పింది చెయ్యి."

బాబాయి వారం రోజులు సణిగాడు. స్క్రూడ్రైవరు విసిరికొట్టాడు. అట్టపెట్టెలను తన్నాడు. చివరికి "సరే సార్" అన్నాడు. పదకొండు బండ్లకు నలభై నాలుగు లైట్లు తన చేత్తోనే బిగించాడు.

మొన్నామధ్య ఒక పొద్దున మంచు దట్టంగా పట్టింది. ఊరి బయట మలుపులో వ్యాను బోల్తాపడిందని ఫోనొస్తే అంబులెన్సు వెళ్లింది. రోడ్డు పక్కన ఆపారు. లైట్లన్నీ కొట్టుకుంటూనే ఉన్నాయి. తోడల్లుడు వెనక తలుపు తీసి స్ట్రెచర్ లాగుతున్నాడు. వెనక నుంచి వచ్చిన కారు నేరుగా అతన్ని గుద్దేసింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది, తుంటి కదిలిపోయింది. కారతను తాగలేదు. వేగంగానూ రాలేదు. రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడట. "లైట్లు కనిపించాయండీ. లైట్లే కనిపించాయి. మనిషి కనిపించలేదు" అని.

ఆస్పత్రి వరండాలో మరదలు బల్ల మీద కూర్చుని ఉంది. బాబాయి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆమె ఏడవలేదు. అది చూసే అతనికి భయమేసింది.

"బావా, ఆ లైట్లు బిగించింది నువ్వేగా?"

"మేనేజరు చెప్పాడమ్మా. నేను వద్దనే..."

"వద్దని ఊరుకున్నావా? కూరలో ఉప్పు తక్కువైతే గిన్నె ఎత్తేస్తావే, అక్క మీద ఇంటి పైకప్పు లేచిపోయేలా అరుస్తావే! ఆ కోపం అతని ముందు ఏ జేబులో దాచుకున్నావ్? ఇంకో పది బండ్లున్నాయి. వాటిలో ఎక్కేవాళ్లకీ పెళ్లాలున్నారు."

చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు. బాబాయి అక్కడ్నుంచి నేరుగా షెడ్డుకెళ్లాడు. మూలన తుప్పు పడుతున్న పాత బండ్ల నుంచి స్విచ్‌లు ఊడబీకాడు. వచ్చిన బండిని వచ్చినట్టు ఆపి, తెల్ల లైట్ల వైరు కత్తిరించి, డ్రైవరు చేతికందే చోట వేరే స్విచ్ పెట్టి, దానికి ఎర్ర టేపు చుట్టాడు. "బండి ఆగిందా, ముందు దీన్ని ఆర్పు. తర్వాతే తలుపు తియ్యి" అని ఒక్కొక్కడికీ చెప్పాడు. మూడు రోజుల్లో పది బండ్లు పూర్తయ్యాయి. తోడల్లుడు దెబ్బతిన్న బండి ఒక్కటే మిగిలింది.

మేనేజరు అగ్గిమీద గుగ్గిలమవుతూ వచ్చాడు. "ఎవరినడిగి వైర్లు కోశావ్? సాయంత్రంలోగా ఎలా ఉన్నవి అలా పెట్టు. లేదా రేపట్నుంచి గేటు లోపలికి రాకు."

ఈసారి బాబాయి నోట "సరే సార్" రాలేదు. "పెడతాను. అంతకుముందు మీరొకటి చూడాలి. చూసి కూడా పెట్టమంటే, నా పనిముట్ల పెట్టె మీ బల్ల మీద పెట్టి పోతాను."

బండ్లు కడిగే గదిలో మిగిలిన ఆ బండిని పెట్టించాడు. షట్టరు దింపించాడు. నీళ్ల పైపు పైకెత్తి కొట్టిస్తే తుంపర మంచులా కమ్ముకుంది. మేనేజరును వెనకవైపు ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి, తను బండి ముందు సీట్లోకెక్కి లైట్లన్నీ వేశాడు.

"బండి వెనక ఎంతమందున్నారో లెక్కపెట్టండి సార్!"

మేనేజరు కళ్లకు చెయ్యడ్డం పెట్టుకున్నాడు. "ఎవరూ లేరు కదయ్యా."

"సరిగ్గా చూడండి."

"లేరంటుంటే! ఏమిటీ నాటకం?"

బాబాయి సీటు పక్కనున్న ఫ్యూజు డబ్బాలోంచి తెల్ల లైట్ల వైరు ఒక్కటీ పీకేశాడు. ఎర్రవీ నీలివీ తిరుగుతూనే ఉన్నాయి. ఆ వెలుతురులో, లైట్లు వేశాక బండి చాటు నుంచి వచ్చి నిలబడ్డ ఇద్దరు డ్రైవర్లు కనిపించారు. షెడ్డు ఊడ్చే అవ్వ చీపురుతో సహా కనిపించింది. వెనక తలుపు పట్టుకుని బాబాయి మరదలు నిలబడి ఉంది. భర్త సెలవు కాగితం మీద సంతకానికని వచ్చిందామె.

"మా ఆయన సరిగ్గా ఇక్కడే నిలబడ్డాడు సార్" అంది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మంచులో ఎవరికైనా కనిపించదమ్మా..."

"మంచు ఇప్పుడూ ఉంది సార్!" బాబాయి గొంతుకు షట్టరు అదిరింది. "తగ్గింది ఆ లైటొక్కటే. ఇందాక మీరు కారులో ఉండుంటే ఈ నలుగురూ మీ చక్రాల కిందుండేవాళ్లు!"

మేనేజరు సెలవు కాగితం మీద గబగబా సంతకం గిలికి, తడిసిన బూట్లతో వెళ్లిపోయాడు. తప్పయిందనలేదు. వైర్లు మళ్లీ కలపమనీ అనలేదు.

మర్నాడు రెండు కాగితాలొచ్చాయి. ఒక డ్రైవరు చదివి వినిపించాడు. అనుమతి లేకుండా వైర్లు కోసినందుకు బాబాయిని మూడు రోజులు పనిలోకి రావద్దన్నారు, అది మొదటిది. బండి ఆగగానే తెల్ల లైట్లు ఆర్పాలని, ప్రతి బండికీ అందుకు వేరే స్విచ్ ఉండాలని మేనేజరుగారు ఆలోచించి నిర్ణయించారట, అది రెండోది.

"ఆలోచించాడా?" బాబాయి ఒంటికాలి మీద లేచాడు. "ఆరు నెలల కింద ఈ ముక్క చెప్పిందెవడు? ఒక మనిషి కాలు విరిగితే గానీ రాలేదా ఆ ఆలోచన!"

ఆ మూడు రోజులూ ఆస్పత్రిలో తోడల్లుడి మంచం పక్కనే కూర్చున్నాడు. కట్టు కట్టిన కాలు పైకి వేలాడుతోంది. "మూడు రోజులూ ఇంట్లోనేనా అన్నయ్యా? నా సంగతి సరే, పాపం వదినెలా తట్టుకుంటుందో" అన్నాడు తోడల్లుడు. బాబాయికి నవ్వు రాలేదు. ఆ కాలు చూసినప్పుడల్లా మేనేజరు మీద కోపమొచ్చేది. "సరే సార్" అన్న తన నోటి మీద అంతకు రెండింతలొచ్చేది.

నాలుగో రోజు పనిలోకెళ్లి, మిగిలిన బండికీ స్విచ్ బిగించాడు. టేపు చుడుతుండగా ఇంకో బండి లోపలికొచ్చి ఆగింది. తెల్ల లైట్లు టపటపా కొట్టుకుంటూనే ఉన్నాయి. డ్రైవరు దిగి, తాపీగా ఒళ్లు విరుచుకున్నాడు.

"ఆర్పరా!" అని బాబాయి వేసిన కేకకు అవ్వ చేతిలో చీపురు జారిపడింది.

"షెడ్డులోకొచ్చేశాం కద బాబాయ్, ఇక్కడెవడు గుద్దుతాడు?"

"ఇక్కడ అలవాటైతేనే అక్కడ ఆర్పుతావ్. ఎక్కు. ఎక్కి ఆర్పు, మళ్లీ దిగు. నేను చూడాలి."

డ్రైవరు గొణుక్కుంటూ మళ్లీ ఎక్కాడు.