చిన్నాయన మోసుకొచ్చిన డౌన్‌లోడ్లు

ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఫోన్ తీగలోంచి చుక్కచుక్కగా కారేది, దానికోసం ఓపిక పట్టడం కూడా ఉద్యోగంలో భాగమే అనుకునేవాళ్లం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ మూడో అంతస్తు కంపెనీలో నాది ఆరు నెలల ట్రయల్ ఉద్యోగం. నెట్‌లోంచి సోర్సు కోడు (ప్రోగ్రాముల మూలపాఠం) తెచ్చుకుని మన మిషన్ మీదే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు కట్టే వ్యవస్థ ఒకటి సిద్ధం చేయాలి. "శనివారం సాయంత్రానికి అవ్వకపోతే సోమవారం నుంచి మీరు రానక్కర్లేదండీ," అన్నారు మా సారు, గుంటూరు మర్యాదతో. మా ఇంట్లో ఉద్యోగానికి వెళ్లిన మొదటి ఆడపిల్లను నేనే. ఇది పోతే ఇంకెక్కడికీ పంపరని నా భయం.

ఆ వ్యవస్థ వాడే డౌన్‌లోడ్ టూల్ మా లైను తెగిన ప్రతిసారీ చేతులెత్తేసేది (అదే లైను మీద కింది వాటావాళ్లు ఫోన్ ఎత్తితే చాలు, తెగేది). ఏ టూల్ వాడాలో చెప్పే కాన్ఫిగరేషన్ ఫైల్లో దాని పేరు కొట్టేసి వేరే టూల్ పేరు రాశాను, అదీ అంతే. అక్కడ ఏ ప్రోగ్రామ్ పేరైనా రాయొచ్చని శనివారం పొద్దున కనిపెట్టి, నేనే ఓ చిన్న స్క్రిప్టు రాసి పెట్టాను. అది చేసేదల్లా కావలసిన ఫైలు పేరు, చిరునామా చూపించి, నేను మీట నొక్కేదాకా ఆగడమే. ఎల్బీ నగర్ చౌరస్తాలో, తెగని లైనుతో నెట్ సెంటర్ నడిపే మా చిన్నాయనకు (పొలాలు కాలనీలయ్యాక ఆయనకు మిగిలింది ఆ షట్టరు గదే) ఆ పేర్లు ఫోన్లో చదివాను. ఆయన అన్నీ దింపి, సీడీలో ఎక్కించి, మోపెడ్ మీద మా ఆఫీసుకు తెచ్చాడు.

సీడీ పెట్టి మీట నొక్కితే, ఇవి అసలు ఫైళ్లు కావంటూ వ్యవస్థ మొరాయించింది. రవ్వంత తేడా ఉన్నా పట్టేస్తుంది అది.

"ఏం చేసినవ్ చిన్నాయనా?"

"ఏం చెయ్యలే బిడ్డా. వైరస్ గిట్ల ఉంటదేమోనని అన్నీ విప్పి చూసిన. చూసి మల్ల మంచిగ కట్టి పెట్టిన."

"విప్పొద్దు చిన్నాయనా. ఎట్లున్నయో అట్లనే తేవాలె," అన్నాను. సారు గడియారం చూశారు.

"మా బిడ్డ తప్పేం లేదు సార్, నాదే. జర ఆగుండ్రి, మల్ల తెస్త," అని చిన్నాయన అన్నం కూడా తినకుండా వెనక్కి పోయాడు. నాలుగున్నరకు, చెమటకు తడిసిన చొక్కాతో రెండో సీడీ తెచ్చి, ప్యాకేజీలన్నీ తయారయ్యేదాకా నా వెనకే నిలబడ్డాడు. సారు సోమవారం తొమ్మిదికి రమ్మన్నారు.

ఆ తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో "ప్రత్యామ్నాయ డౌన్‌లోడ్ టూల్‌ను సొంతంగా రూపొందించాను" అని దర్జాగా చెప్పుకున్నాను. ఒకాయన, మీకెవరైనా సాయం చేశారా అని అడిగితే, తడుముకోకుండా నేనొక్కదాన్నే అన్నాను. ఆయన కంపెనీలో పెద్ద ఉద్యోగం వచ్చింది కూడా. అప్పటి నన్ను తలచుకుంటే నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది. ఆ ఉద్యోగం వచ్చిన రోజు కాలనీ అంతా తిరిగి మిఠాయి పంచింది చిన్నాయనే.